నా నోట్సు నేనే రాసుకున్నాను: స్మార్ట్‌పెన్‌తో నా అనుభవం

బీటెక్‌లో చివరి రెండేళ్లు నేను చదివినవన్నీ వేరేవాళ్ల నోట్సుల జిరాక్సులే. హాస్టల్ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు అన్నకు నా మొహం ఎంత అలవాటైపోయిందంటే, నేను రోడ్డు దాటుతుండగానే మిషన్ ఆన్ చేసేవాడు. స్నేహితురాళ్లు మంచివాళ్లు, ఎప్పుడడిగినా కాదనలేదు. కానీ పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఒకరి నోట్సు తీసుకోవడమంటే వాళ్ల చదువు ఒక పూట ఆపడమే. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. షాపు దగ్గర జనం ఎక్కువుంటే నాకు చెమటలు పట్టేవి.

నాకున్నది రైటర్స్ క్రాంప్. పెన్ను పట్టుకుని రాయడం మొదలుపెట్టిన మూడు నాలుగు నిమిషాలకు బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే బిగుసుకుపోతాయి. మణికట్టు లోపలికి తిరుగుతుంది. అక్షరం గీత దాటి ఎటో పోతుంది. పెన్ను కింద పెట్టేస్తే చెయ్యి మళ్లీ మామూలే. అన్నం కలుపుకుంటాను, జడ వేసుకుంటాను, స్కూటీ నడుపుతాను, కీబోర్డు మీద టైప్ చేస్తాను. రాయడం ఒక్కటే కుదరదు. లోపం చేతిలో లేదు, మెదడు నుంచి ఆ ఒక్క పనికి వెళ్లే ఆదేశాల్లో ఉంది. డాక్టర్లు దీన్ని ఫోకల్ డిస్టోనియాలో ఒక రకం అంటారు. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఎవరూ ఒక పట్టాన నమ్మరు. "చెయ్యి బాగానే ఉందిగా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

2010లో, సెకండియర్‌లో ఉండగా మొదలైంది. మొదట బద్ధకం అన్నారు, తర్వాత పరీక్షల భయం అన్నారు. అమ్మమ్మ తాయెత్తు కట్టించింది. చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు నాచేత అర పేజీ రాయించి, నా వేళ్లను వీడియో తీసి, జబ్బు పేరు చెప్పారు. పేరు విన్నాక నాన్న బయటి బెంచీ మీద కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి మేం నిన్ను తిట్టామే తల్లీ" అన్నారు. బొటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. బిగుసుకోవడం తగ్గింది గానీ దాంతోపాటు వేళ్లలో పట్టూ తగ్గింది. మూడు నెలలకు రెండూ మొదటికే వచ్చాయి.

పరీక్షల్లో కొంచెం ఎక్కువ టైమ్ అడుగుదామని సదరం క్యాంపుకు వెళ్లాం. వైకల్యం శాతం 40కి చాలా తక్కువ వచ్చింది. అప్పట్లో 40 లేదంటే ఏమీ లేనట్టే లెక్క. మూడు గంటల పరీక్షలో నాకు తెలిసినదాంట్లో సగమే కాగితం మీదికి వచ్చేది. అలాగే గట్టెక్కాను.

2013 ఆగస్టులో ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్లాను. నా సబ్జెక్టు కంట్రోల్ సిస్టమ్స్. ల్యాప్‌టాప్‌లో టైప్ చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కథలాగా సాగే క్లాసైతే టైప్ చేసుకోవచ్చు. మా క్లాసులో బోర్డు నిండా సమీకరణాలు, బ్లాక్ డయాగ్రములు, బాణాలు. ఒక మాట్రిక్స్ టైప్ చేసేలోపు ప్రొఫెసర్ ఆ బోర్డు తుడిచేసి పక్క బోర్డు సగం నింపేసేవారు. అనుమతి అడిగి ఫోన్లో రికార్డు చేశాను. 75 నిమిషాల ఫైళ్లు నలభై దాకా పోగయ్యాయి. వాటిలో ఏ మాట ఎక్కడుందో వెతకాలంటే క్లాసంతా మళ్లీ వినాల్సిందే. ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు. అక్టోబర్ మిడ్‌టర్మ్‌లో దెబ్బ తిన్నాను, సెమిస్టర్ చివర ఒక సబ్జెక్టులో సీ గ్రేడు వచ్చింది. మాస్టర్స్‌లో జీపీఏ, అంటే గ్రేడుల సగటు, 3.0 కన్నా కిందికి జారితే ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతారు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

దారి చూపించింది నా రూమ్మేట్, విజయవాడ అమ్మాయి. ప్రతి కోర్సు సిలబస్ కాగితం చివర ఒక పేరా ఉంటుంది, మేమెవరం చదవం. వైకల్యం వల్ల సౌకర్యాలు అవసరమైన విద్యార్థులు ఫలానా ఆఫీసులో నమోదు చేసుకోవాలని అందులో రాసి ఉంటుంది. "ఇది నీకోసమేనే, వెళ్లి అడుగు" అంది. నేను రెండు వారాలు వెళ్లలేదు. ఇది బయటపడితే వీసాకు ఇబ్బందేమో, రేపు ఉద్యోగం ఇవ్వరేమో, మనవాళ్లలో తెలిస్తే పెళ్లి సంబంధాల దగ్గర అడుగుతారేమో అని నా భయాలు నాకున్నాయి. ఇప్పుడు అక్కడికి వెళ్తున్న పిల్లలూ ఇవే అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఆఫీసుకు ఇచ్చిన మెడికల్ కాగితాలు అక్కడే గోప్యంగా ఉంటాయి. ప్రొఫెసర్‌కు వెళ్లే లెటర్‌లో జబ్బు పేరు ఉండదు, ఏ సౌకర్యాలు ఇవ్వాలో అంతవరకే ఉంటుంది. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ ప్రస్తావనే రాదు.

ఇంకో సంగతి. అమెరికాలో స్కూలు పిల్లలైతే ఎవరికి సాయం కావాలో గుర్తించాల్సిన బాధ్యత స్కూలుదే. కాలేజీకి వచ్చాక అలా కాదు, విద్యార్థే వెళ్లి నోరు తెరిచి అడగాలి. అడిగిన రోజు నుంచే లెక్క. అంతకుముందు పోయిన మార్కులు వెనక్కి రావు. ఆ రెండు వారాలు ఆగకుండా, అసలు ఆగస్టులోనే వెళ్లి ఉంటే ఆ సీ వచ్చేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా డాక్టర్ లెటర్ పంపించమని నాన్నకు ఫోన్ చేశాను. వారంలో వచ్చింది. "ఈమె రైటర్స్ క్రాంప్‌తో బాధపడుతున్నారు, తగిన సహాయం చేయగలరు" అని ఒకటే వాక్యం, కింద సంతకం, స్టాంపు. ఆఫీసు కౌన్సిలర్ అది చదివి, మర్యాదగానే, ఇది చాలదన్నారు. ఆమెకు కావాల్సింది వేరు. ఎప్పటి నుంచి ఉంది, ఎలా నిర్ధారించారు, ఏకబిగిన ఎన్ని నిమిషాలు రాయగలదు, ఆ తర్వాత ఏమవుతుంది, ఎంతసేపు విశ్రాంతి కావాలి, టైప్ చేయగలదా, ఏ మందులు వాడారు. శాతం మాత్రం ఎక్కడా అడగలేదు. ఆ ప్రశ్నలన్నీ తెలుగులో రాసి నాన్నకు పంపాను. ఆయన మళ్లీ హైదరాబాద్ వెళ్లి, ఓపీలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, డాక్టరు గారి చేత రెండు పేజీల లెటర్ రాయించుకొచ్చారు. నా చదువులో నాన్న కట్టిన ఫీజులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పూట ఒక ఎత్తు.

2014 జనవరిలో నాకు మూడు సౌకర్యాలు రాశారు. పరీక్షల్లో ఒకటిన్నర రెట్ల సమయం, వివరణ జవాబులకు కంప్యూటర్, క్లాసులో నోట్సు సాయం. నోట్సు సాయం కింద మొదట ఇచ్చింది పియర్ నోట్‌టేకర్‌ని. అదే క్లాసులో ఒక విద్యార్థి తన నోట్సు ఆఫీసుకు పంపిస్తే వాళ్లు నాకు పంపేవారు. ఆ పిల్లో పిల్లాడో ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. పద్ధతి మంచిదే, కానీ నేను మళ్లీ జిరాక్స్ షాపు దగ్గరికే వచ్చినట్టయింది. వాళ్లకు సులువనిపించింది రాయకుండా వదిలేసేవాళ్లు, నాకు కష్టం అక్కడే. సోమవారం క్లాసు నోట్సు గురువారం వచ్చేది. మూడు వారాలు చూసి మళ్లీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాను. ఆమె సొరుగు తీసి, మామూలు పెన్ను కన్నా లావుగా, నల్లగా ఉన్న ఒక పెన్నును బల్ల మీద పెట్టారు. లైవ్‌స్క్రైబ్ ఎకో.

ఆ రోజు జరిగింది బాగా గుర్తు. దాంతోపాటు ఒక స్పైరల్ పుస్తకం ఇచ్చారు. పేజీలు కాస్త మాసినట్టు లేత బూడిద రంగులో ఉన్నాయి. పేజీ అడుగున చిన్న చిన్న బొమ్మలు అచ్చేసి ఉన్నాయి. ఒకటి రికార్డుకు, ఒకటి ఆపడానికి, ఇంకొన్ని వాల్యూముకు, వేగానికి. "రికార్డు బొమ్మ మీద పెన్ను మొనతో తట్టి, నేను చెప్పేది విను. మూడు మాటలకు మించి రాయకు" అన్నారు కౌన్సిలర్. మూడు నిమిషాలు ఏవేవో చెప్పారు. వాళ్ల కుక్కకు జబ్బు చేసిన సంగతి, లైబ్రరీ వేళలు, చిల్లీ అనే కూరను టెక్సాస్ వాళ్లు చిక్కుడు గింజలు వేయకుండా ఎందుకు వండుతారో. నేను "కుక్క", "9 గం.", "గింజలు" అని తెలుగులో రాశాను. ఆపమన్నారు. "ఇప్పుడు నీకు ఏది కావాలో దానిమీద తట్టు."

"గింజలు" మీద తట్టాను. పెన్ను లోంచి ఆమె గొంతు. కుక్క సంగతీ లేదు, లైబ్రరీ సంగతీ లేదు, సరిగ్గా చిల్లీ దగ్గర మొదలైంది. మళ్లీ "కుక్క" మీద తట్టాను, కుక్క దగ్గరికి వెళ్లింది. ఒక పెన్ను మాట్లాడుతోందని కాదు నాకు ఆశ్చర్యం. మూడు మాటలు రాయడానికి నా చేతికి పట్టింది అర నిమిషం లోపే. వేళ్లు ఇంకా బిగుసుకోలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో ఆమెను అడిగి తెలుసుకున్నాను. ఆ కాగితం మాసినట్టు కనిపించడానికి కారణం దానిమీద అచ్చేసిన సన్నటి చుక్కలు. ఒక్కో చుక్కకూ మధ్య దూరం సుమారు 0.3 మిల్లీమీటర్లు, ప్రతి చుక్కా ఉండాల్సిన చోటు నుంచి కొంచెం అటో ఇటో జరిగి ఉంటుంది. ఆ జరుగుబాటే ఒక సంకేతం. అందువల్ల పుస్తకంలో ఏ రెండు చోట్లా ఒకేలా ఉండవు. పెన్ను మొన పక్కనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. అది సెకనుకు 70కి పైగా ఫొటోలు తీస్తూ, ఏ పేజీలో ఎక్కడ ఏ గీత గీస్తున్నామో కనిపెడుతుంది. ఆ క్షణంలో వినపడిన మాటను ఆ గీతకు ముడివేస్తుంది. చుక్కల కాగితం స్వీడన్‌కు చెందిన ఆనోటో అనే కంపెనీది. దాన్ని మాట రికార్డింగుతో కలిపి పెన్నుగా తెచ్చింది జిమ్ మార్‌గ్రాఫ్ 2007లో పెట్టిన లైవ్‌స్క్రైబ్. పిల్లలకు చదివి వినిపించే లీప్‌ప్యాడ్ బొమ్మ పుస్తకం వెనక ఉన్నదీ ఆయనే. 2008లో పల్స్ అనే పెన్ను, 2010లో నేను వాడిన ఎకో వచ్చాయి.

ఇంకో గొప్ప సంగతి నాకు తర్వాత తట్టింది. ఆ పెన్నుకు భాషతో పనిలేదు. తెలుగులో రాసినా, బొమ్మ వేసినా, ఉత్త చుక్క పెట్టినా దానికి అది ఒక చోటు, అంతే.

పెన్ను సెమిస్టర్ లెక్కన అరువు ఇచ్చారు, పుస్తకాలు నేనే కొనుక్కోవాలి. ఒక ఒప్పందం మీద సంతకం చేశాను. రికార్డింగులు నా చదువుకు తప్ప దేనికీ వాడను, ఎవరికీ పంపను, నెట్‌లో పెట్టను, కోర్సు అయిపోయాక తీసేస్తాను.

మొదటి వారం ఘోరంగా గడిచింది. పాత అలవాటు పోలేదు. రికార్డు అవుతున్నా సరే బోర్డు మీదున్నదంతా దించాలనే చెయ్యి పరిగెత్తేది. క్లాసు పదో నిమిషానికల్లా వేళ్లు బిగుసుకునేవి, ఆ తర్వాత ఒక్క గీతా పడేది కాదు. గీత లేకపోతే తట్టడానికి చోటు లేదు, అప్పుడది మామూలు రికార్డరే. ఏడుపు మొహంతో వెళ్తే కౌన్సిలర్ నా పేజీ చూసి, "నువ్వు రాస్తున్నావు. ఇక్కడ రాయడం పెన్ను పని. గుర్తులు పెట్టడం నీ పని" అన్నారు. తర్వాత అరగంట కూర్చోబెట్టి పద్ధతి నేర్పారు. నాకు నిజంగా పనికొచ్చింది పెన్ను కన్నా ఆ అరగంట.

కొత్త విషయం మొదలవుతోందని తోచగానే, అది ఏమిటో అర్థం కాకముందే ఒక చుక్క పెట్టమన్నారు. ఎందుకంటే మనం విన్నాక రాస్తాం. మాట మీద తడితే అసలు విషయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. చుక్క మీద తడితే మొదటి నుంచి వస్తుంది. అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టమన్నారు, "పరీక్షకు ఇది ముఖ్యం" అని ప్రొఫెసర్ అంటే నక్షత్రం. కుడివైపు పేజీలోనే క్లాసులో రాయడం, ఎడమవైపు పేజీ తర్వాత విని నింపుకోవడానికి ఖాళీగా వదలడం. బ్లాక్ డయాగ్రమ్ మాత్రం గీయాలి, డబ్బాల్లో పేర్లు లేకపోయినా పరవాలేదు. ఇలా చేస్తే 75 నిమిషాల క్లాసుకు నేను రాసేది అన్నీ కలిపి ముప్పై నలభై గుర్తులు, ఇరవై మాటలు. మధ్యమధ్యలో చేతికి విశ్రాంతి. ఆ రోజు సాయంత్రమే లైబ్రరీలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రశ్నార్థకాలన్నీ తట్టుకుంటూ వెళ్లేదాన్ని. నలభై నిమిషాల్లో క్లాసు మళ్లీ నా చేతిలోకి వచ్చేది. నా ఎడమ పేజీలు ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి, ప్రింట్ తీసి అతికించుకునేదాన్ని.

ఆ రోజుల్లో రాసుకున్న ఒక పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. టైమ్ డిలే గురించిన క్లాసు. ఒక చుక్క, రెండు డబ్బాలు, వెనక్కి తిరిగే ఒక బాణం, పక్కన వంకరగా "గీజర్" అన్న మాట. ఆ రోజు ప్రొఫెసర్ షవర్ ఉదాహరణ చెప్పారు. కుళాయి వేడివైపు తిప్పుతాం, నీళ్లు పైపులో రావడానికి కాస్త టైమ్ పడుతుంది, చల్లగానే ఉన్నాయని ఇంకా తిప్పుతాం, ఒక్కసారిగా ఒళ్లు కాలుతుంది, కంగారుగా వెనక్కి తిప్పుతాం, మళ్లీ చల్లనీళ్లు. ఆలస్యం ఉన్నచోట గట్టిగా సరిదిద్దబోతే వ్యవస్థ ఊగిసలాడుతుందని ఆయన చెప్పింది. నాకు మా ఇంట్లో గీజరు, పొద్దున్నే అక్క పెట్టే కేకలు గుర్తొచ్చి ఆ మాట రాసుకున్నాను. పరీక్ష ముందురోజు "గీజర్" మీద తడితే ఆయన గొంతులో ఆ షవరు, దాని వెనకే గెయిన్, అంటే ఎంత గట్టిగా సరిదిద్దాలో ఆ కొలత, ఎంత తగ్గించాలో లెక్క, రెండూ వచ్చాయి. ఎవరి జిరాక్సులోనూ ఆ మాట ఉండదు. అది నా బుర్రకు తట్టిన మాట. నా నోట్సు అంటే ఏమిటో నాకు మూడున్నరేళ్ల తర్వాత మళ్లీ తెలిసింది ఆ పేజీ దగ్గరే.

మన పిల్లలకు ఉపయోగపడే ఇంకో సంగతి ఉంది. కొత్తగా వెళ్లినవాళ్లకు ప్రొఫెసర్ల యాస అంత త్వరగా చెవికెక్కదు. పేజీ అడుగున వేగం తగ్గించే బొమ్మ ఉంది కదా, దాంతో నెమ్మదిగా పెట్టుకుని వినేదాన్ని. ఆ ఒక్క సెమిస్టర్‌లో నా చెవి బాగుపడినంతగా ఇంకెప్పుడూ బాగుపడలేదు.

ఒక ప్రొఫెసర్ మాత్రం ఒప్పుకోలేదు. తన క్లాసులో ఏ రికార్డింగూ కుదరదన్నారు. లెటర్ చూపించినా తల అడ్డంగా ఊపారు. కోపం కాదు, తన పాఠాలు ఎవరో నెట్‌లో పెడతారని ఆయన భయం. నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. మనకు గురువు గారికి ఎదురు చెప్పే అలవాటు ఉండదు కదా. కౌన్సిలర్ వదల్లేదు. 1973 నాటి అమెరికా పునరావాస చట్టం సెక్షన్ 504 కింద వచ్చిన నిబంధనల్లో టేప్ రికార్డర్ అని పేరు పెట్టి మరీ రాసి ఉందని చూపించారు. వికలాంగ విద్యార్థుల చదువుకు అడ్డుపడేలా క్లాసులో టేప్ రికార్డర్లను నిషేధించకూడదని అందులో ఉంది. ఆ నిబంధనల మీద సంతకం పెట్టకుండా ప్రభుత్వం ఏళ్లతరబడి నాన్చితే, 1977 ఏప్రిల్‌లో వికలాంగుల హక్కుల కోసం పోరాడిన జూడీ హ్యూమన్ లాంటివాళ్లు వీల్‌చెయిర్లతో సహా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలో వారాల తరబడి బైఠాయించారు. ఆ నెల 28న సంతకం పడింది. ఆ సంగతి చదివిన రాత్రి ఆ పెన్నును చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నా చేతిలోకి ఆ పెన్ను రావడం వెనక నేను పుట్టకముందే ఎవరో నేలమీద పడుకున్నారు.

ఆఫీసు వాళ్లు మాట్లాడాక, నేను సంతకం చేసిన ఒప్పందం చూసి ఆయన సరేనన్నారు. ఓ నెల తర్వాత నేనే ధైర్యం చేసి ఒకటి అడిగాను. బోర్డు మీద చూపిస్తూ "ఇది తీసి ఇక్కడ పెడితే అది వస్తుంది" అంటే, వినేటప్పుడు ఏది ఎక్కడో నాకు తెలియడం లేదు, పేర్లు చెప్పగలరా అని. ఆ తర్వాత ఆయన "A మాట్రిక్స్‌ను Bతో గుణిస్తే" అంటూ చెప్పడం మొదలుపెట్టారు. వెనక బెంచీల్లో బోర్డు సరిగా కనపడనివాళ్లకూ అది బాగుందట.

నా పొరపాటు ఒకటి చెప్పాలి, ఇంకెవరూ చేయకూడదు కాబట్టి. ఆ పుస్తకాలకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు ఉంటాయి. ఒకటో నంబరు పుస్తకం అయిపోయాక ఇంకో సెట్టు కొని మళ్లీ ఒకటో నంబరుతోనే మొదలుపెట్టాను. పాతదాన్ని ముందుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆర్కైవ్ చేయాలి, అంటే విడిగా దాచిపెట్టాలి. ఆ మాట ట్రైనింగులో చెప్పారు, నేను మర్చిపోయాను. పెన్నుకు రెండూ ఒకే పుస్తకం. పాత పేజీ పదమూడు మీద కొత్త పేజీ పదమూడు గీతలు పడ్డాయి. స్క్రీన్ మీద చూస్తే ఒకదాని మీద ఒకటి ముగ్గులా కలిసిపోయి ఉన్నాయి. ఫైనల్స్‌కు పది రోజులుంది. కాగితం పేజీలు భద్రంగానే ఉన్నాయి గానీ తడితే ఏ క్లాసు మాట వస్తుందో తెలియదు. తేదీల ప్రకారం రికార్డింగులు విని సర్దుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం యూఎస్‌బీ తీగ తగిలించి ఎక్కించడం, ఛార్జింగ్ పెట్టడం రెండూ ఒకేసారి చేసేదాన్ని.

ఇది అందరికీ కుదిరే వస్తువు కాదు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు మాట అక్షరాలుగా కనిపించే ఏర్పాటే కావాలి. పెన్ను అసలు పట్టుకోలేనివాళ్లకు దీంతో పని లేదు. డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), ఏకాగ్రత సమస్యలు, నాలాగా చెయ్యి సహకరించనివాళ్లు, వీళ్లకు బాగా పనికొస్తుంది. పెన్నులోనే మైకు ఉంటుంది కాబట్టి కాగితం మీద మొన గీరిన చప్పుడూ అందులో పడుతుంది, ముందు వరసలో కూర్చుంటేనే ప్రొఫెసర్ గొంతు స్పష్టంగా వస్తుంది. పక్కవాళ్ల గుసగుసలూ పడతాయి. ఒకసారి వినేటప్పుడు పక్క బెంచీ అమ్మాయి తన ఇంటి గొడవ స్నేహితురాలికి చెప్పుకోవడం వినపడింది. వెంటనే తీసేశాను. ఆ తర్వాత విరామంలోనూ, గ్రూప్ డిస్కషన్‌లోనూ ఆపేసేదాన్ని. మన చదువు కోసం వేరేవాళ్ల మాటలు మోసుకుపోకూడదు.

2015లో డిగ్రీ వచ్చింది. ఒప్పందం ప్రకారం రికార్డింగులన్నీ తీసేసి పెన్ను తిరిగి ఇచ్చేశాను. పుస్తకాలు నాతో ఇండియాకు వచ్చాయి. వాటిలో ఇప్పుడు చుక్కలు, నక్షత్రాలు, "గీజర్" లాంటి మాటలే ఉన్నాయి. ఎక్కడ తట్టినా మాట రాదు. అయినా పారేయబుద్ధి కాలేదు.

తిరిగొచ్చాక ఇక్కడ చాలా మారింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో ఇబ్బందులను కూడా చేర్చి 21 రకాల వైకల్యాలను గుర్తించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాశ్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. సివిల్స్ రాయాలనుకున్న ఆయనకున్నది కూడా రైటర్స్ క్రాంపే. 40 శాతం లేదని యూపీఎస్సీ స్క్రైబ్‌ను, అంటే చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని, ఇవ్వనంటే, శాతంతో సంబంధం లేకుండా రాయలేనివారికి స్క్రైబ్ ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆఫీసు క్యాబ్‌లో వస్తూ ఫోన్లో ఆ వార్త చదివి నాన్నకు ఫోన్ చేశాను. 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పరీక్ష రాయడానికి దారి దొరికింది. కానీ ఏడాది పొడవునా క్లాసులో కూర్చుని నోట్సు రాసుకోవాల్సిన పిల్లల గురించి మన కాలేజీల్లో ఇంకా ఎవరూ అడగడం లేదు.

మా అక్క కొడుకు గుంటూరులో ఇంటర్ మొదటి సంవత్సరం. వాడికి డిస్‌గ్రాఫియా. తెలివైనవాడు, నోటితో అడిగితే టకటకా చెబుతాడు, రాయమంటే పేజీకి గంట. వాడికోసం ఆ పెన్ను తెప్పిద్దామనుకున్నాను. కానీ ఖరీదు పక్కన పెట్టినా, దానికి కావాల్సిన చుక్కల పుస్తకాలు అయిపోయిన ప్రతిసారీ తెప్పించడం మా అక్క వల్ల కాదు. ట్యాబ్ వాడనిచ్చే కాలేజీ అయితే శాంసంగ్ నోట్స్, నోటబిలిటీ లాంటి యాప్‌లలో రికార్డు చేస్తూ రాస్తే ఇదే పని జరుగుతుంది. ల్యాప్‌టాప్ ఉంటే వన్‌నోట్‌లో కూడా కుదురుతుంది. వాళ్ల కాలేజీలో ఫోన్, ట్యాబ్ రెండూ గేటు దగ్గరే ఆపేస్తారు.

అక్క, నేను కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి డాక్టర్ లెటర్‌తోపాటు, నేను అప్పుడు టెక్సాస్‌లో సంతకం చేసిన ఒప్పందాన్ని తెలుగులో రాసి తీసుకెళ్లాం. బాబు వాయిస్ రికార్డర్ మాత్రమే తెస్తాడు, అందులో కెమెరా ఉండదు, ఎవరికీ పంపడు, ఏడాది చివర తీసేస్తాడు. కింద అక్క సంతకం, వాడి సంతకం. ఈసారి ఒప్పుకున్నారు.

ఇప్పుడు వాడు రికార్డర్‌ను ముందు బెంచీ మీద పెడతాడు. దాని తెర మీద నిమిషాలు నడుస్తుంటాయి. ఒక మాట రాస్తాడు, పక్కన ఆ నిమిషం అంకె వేస్తాడు. పెన్ను చేసిన పని వాడు కళ్లతో చేస్తున్నాడు. మొదటి నెల చాలా చోట్ల అంకె వేయడం మర్చిపోయాడు, ఇప్పుడు అలవాటైంది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఫిజిక్స్ నోట్సు చూపించాడు. పేజీలో ఆరే ఆరు మాటలు. "ఘర్షణ 12.40." దాని కింద "బియ్యం బస్తా 31.05."

"బియ్యం బస్తా ఏంట్రా?" అన్నాను.

"విను పిన్నీ" అని రికార్డర్ ఫోన్ దగ్గర పెట్టి, 31.05కి జరిపాడు. ఫ్యాను చప్పుడు, బెంచీలు కదిలిన చప్పుడు, వాటి మధ్య వాళ్ల లెక్చరర్ గొంతు. బరువైన బస్తాను ఏటవాలుగా నెట్టడం కన్నా ఏటవాలుగా లాగడం ఎందుకు సులువో చెబుతున్నారాయన. నెట్టేటప్పుడు బస్తాను నేలకేసి ఇంకా అదుముతున్నాం, అందుకని ఘర్షణ పెరుగుతుంది. లాగేటప్పుడో? అని ఆయన ఆగారు.

"కాస్త పైకి లేపుతున్నాం" అని రికార్డర్‌లో క్లాసు కన్నా ముందు మావాడే అన్నాడు.